రఖమ్: సూదితో రాసే రాత



ప్రియ పాఠకులారా! మన ఇళ్లలో నిత్యం వినిపించే ఒక పదాన్ని తీసుకుని, దాని పుట్టుకను, దానితో ముడిపడిన ధర్మాన్ని కలిసి తెలుసుకోవటం ఈ శీర్షిక ఆనవాయితీ. సాధారణంగా పదాన్ని నేనే ఎంచుకుంటాను. ఈ నెల పదాన్ని మాత్రం మా మద్రసాలో చదివే పన్నెండేళ్ల విద్యార్థి ఒకడు నా ముందు పెట్టాడు. ఆ పదం వెంట వెళితే అది చివరకు నా తప్పు దగ్గరికే నన్ను తీసుకువెళ్లింది. అందుకని ఈసారి పాఠంతో పాటు ఒక ఒప్పుకోలు కూడా రాయవలసి వస్తోంది.

ఆ రోజు ముప్పయ్యవ పారాలోని సూరా ముతఫ్ఫిఫీన్ పాఠం జరుగుతోంది. దుర్జనుల కర్మల పత్రాన్ని గురించి ఒకచోట, సజ్జనుల కర్మల పత్రాన్ని గురించి మరొకచోట ఆ సూరా ఒకే విశేషణం వాడుతుంది. ఆ విశేషణం ‘మర్ఖూమ్’. “స్పష్టంగా లిఖించబడినది అని దీని భావం” అని చెప్పి నేను ముందుకు సాగబోయాను. వెనుక వరుసలో కూర్చునే ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు. తరగతిలో తరచూ కునికిపాట్లు పడుతున్నాడని నేను మందలించిన పిల్లవాడే. “హజ్రత్! దుకాణం నుంచి రఖమ్ వచ్చిందా అని మా అమ్మీ రోజూ అడుగుతుంటుంది. ఆ రఖమ్, ఈ మర్ఖూమ్ ఒకటేనా?” అన్నాడు. తక్కిన పిల్లలు నవ్వారు. “రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవే బేటా, రేపు వివరంగా చెబుతాను” అని ఆ పూటకు పాఠం ముగించాను. ఆ రాత్రి నిఘంటువులు ముందు వేసుకుని కూర్చున్నాను.

ఖుర్ఆన్ పదాలకు అర్థవివరణ రాసిన ఇమామ్ రాగిబ్ అస్ఫహానీ ‘రఖ్మ్’ అంటే మందంగా, ప్రస్ఫుటంగా రాసిన రాత అంటారు. ఇబ్న్ మన్జూర్ సంకలనం చేసిన ‘లిసానుల్ అరబ్’ చూస్తే ఆ పదానికి మరో ముఖం కనిపిస్తుంది. వస్త్రం మీద గీతలు, గుర్తులు, పువ్వులు తీర్చటం కూడా రఖ్మే. అలా అలంకరించిన బట్టకూ అదే పేరు. అంటే కలంతో కాగితం మీద చేసినా, సూదితో గుడ్డ మీద చేసినా అరబ్బులకు ఆ పని పేరు ఒక్కటే. హదీసులలోనూ ఈ రెండవ అర్థం కనిపిస్తుంది. చిత్రాల నిషేధాన్ని గురించిన ఒక ప్రసిద్ధ ఉల్లేఖనంలో, బట్ట మీది అలంకరణను మినహాయించే సందర్భంలో వాడిన మాట ‘రఖ్మ్’. హదీసు వ్యాఖ్యాతలు ఆ మినహాయింపు పరిధిని సుదీర్ఘంగా చర్చించారు. మనకు ఇక్కడ కావలసినది ఆ మాట ఒక్కటే.

ఈ మాట అరేబియాలోనే ఉండిపోలేదు. ఇటలీవారు నేటికీ బట్ట మీది పూలకుట్టును ‘రికామో’ అంటారు. స్పెయిన్ భాషలో ‘రెకమార్’ అన్నా అదే. రెండింటికీ మూలం అరబీ రఖ్మ్. ఇటు తూర్పుకు వచ్చి ఆ మాట ఉర్దూలో ‘రఖమ్’ అయింది. లెక్కల పద్దులో గుర్తు వేసి రాసే మొత్తానికి, ఆ తరువాత సొమ్ముకే ఆ పేరు స్థిరపడింది. మనం తెలుగులో “ఇది ఒక రకం, అది ఒక రకం” అంటాం కదా, ఆ ‘రకం’ కూడా ఈ కుటుంబానికి చెందినదే. పద్దులో విడివిడిగా గుర్తు వేసిన ఒక్కొక్క అంశం రకమైంది. చూడండి! గుడ్డ మీది కుట్టు, కర్మల పత్రంలోని రాత, కూలివారి చేతికి అందే సొమ్ము, ఈ మూడూ ఒకే ధాతువు బిడ్డలు. పిల్లవాడి ప్రశ్నకు నవ్విన వారికి మరునాడు ఈ సంగతి చెప్పాను.

కుట్టుపనికి మన ఇళ్లలో వాడే తక్కిన పేర్లను కూడా ఒకసారి విప్పి చూద్దాం. ‘జర్దోజీ’ పారసీక పదం. జర్ అంటే బంగారం, దోజీ అంటే కుట్టటం. ‘కార్‌చోబ్’లో కార్ అంటే పని, చోబ్ అంటే కొయ్య. గుడ్డను కొయ్య చట్రానికి బిగించి చేసే పని కనుక ఆ పేరు వచ్చింది. తెలుగు ఊళ్లలో దర్జీ దుకాణాల మీద ‘మగ్గం వర్క్’ అని రాసి ఉంటుంది. అక్కడ నేత ఏమీ ఉండదు. బిగించిన చట్రం మగ్గాన్ని తలపిస్తుంది కనుక జనం ఆ పేరు పెట్టుకున్నారు. ‘కషీదా’ అంటే లాగినది, సాగదీసినది. దారాన్ని లాగి కుట్టే పనికి అది పేరు. ఖుష్‌నవీసులు, అంటే అందంగా రాసే లేఖకులు, ఒక అక్షరాన్ని సాగదీసి రాసే గీతను కూడా కషీదా అనే అంటారు. ఇక్కడా సూది, కలం ఒకే పేరు పంచుకున్నాయి.

అన్నింటికంటే రాజసమైన పేరు ‘తిరాజ్’. ఇదీ పారసీకం నుంచి అరబీలోకి వచ్చినదే. మొదట కుట్టుపనికి, తరువాత రాజవస్త్రాల మీద అక్షరాలతో తీర్చిన అంచుకు, ఆపైన ఆ వస్త్రాలు తయారయ్యే కార్ఖానాకు కూడా ఇదే పేరైంది. ఉమయ్యద్ ఖలీఫాల కాలం నాటికే ఈ అంచులు వాడుకలో ఉన్నాయి. మర్వాన్ పేరు కుట్టిన ఒక పట్టు గుడ్డ తునకలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. అబ్బాసీల కాలంలో, ఈజిప్టు ఫాతిమీల కాలంలో ఆ కార్ఖానాలు ఎంతో విస్తరించాయి. బిస్మిల్లాహ్, ఖలీఫా పేరు, ఆయనకు దుఆ, తయారైన ఊరు, సంవత్సరం ఆ అంచు మీద ఉండేవి. నాణెం మీద, జుమా ఖుత్బాలో, తిరాజ్ అంచు మీద పేరు ఉండటం పాలకుని అధికారానికి చిహ్నం. ఇబ్న్ ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో ఈ తిరాజ్‌ను రాజచిహ్నాలలో ఒకటిగా లెక్కించి ప్రత్యేకంగా వివరించారు.

ఈ కళ ప్రతిష్ఠ ఎంతటిదంటే, సిసిలీ ద్వీపాన్ని ముస్లిముల నుంచి గెలుచుకున్న నార్మన్ క్రైస్తవ రాజులు సైతం పలెర్మో నగరంలో తిరాజ్ కార్ఖానాను కొనసాగించారు. రాజు రెండవ రోజర్ కోసం అక్కడ తయారైన ఎర్ర పట్టు ఉత్తరీయం నేడు వియన్నాలో భద్రంగా ఉంది. ఖర్జూర చెట్టుకు ఇరువైపులా ఒంటెను అణచిన సింహం, అంచు పొడవునా కూఫీ లిపిలో అరబీ వాక్యాలు, హిజ్రీ 528వ సంవత్సరం దాని మీద బంగారు దారంతో కుట్టి ఉన్నాయి. తరువాతి శతాబ్దాలలో యూరప్ చక్రవర్తులు పట్టాభిషేక వేళ దానిని భుజాన వేసుకునేవారు. 1184లో హజ్ యాత్ర నుంచి తిరిగి వస్తూ సిసిలీలో ఆగిన ఇబ్న్ జుబైర్, రాజు దుస్తులకు బంగారు కుట్టు కుట్టే యహ్యా ఇబ్న్ ఫిత్యాన్ అనే పనివాని పేరు తన యాత్రాగ్రంథంలో రాసి ఉంచారు. ఒక బాటసారి పుణ్యమా అని ఆ ఒక్క పేరు మనకు దక్కింది. తిరాజ్ అంచుల మీద ఖలీఫాల పేర్లు, మంత్రుల పేర్లు చదువుతాం. కుట్టిన చేతుల పేర్లు చాలా అరుదు.

మన దేశంలో మొగలాయి కాలానికి ఈ పని బాగా వేళ్లూనుకుంది. అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో జర్దోజీ, కలాబత్తూన్, కషీదా అనే పేర్లు కనిపిస్తాయి. నేడు లక్నో, బరేలీ, హైదరాబాదు పాతబస్తీ ఈ పనికి పేరొందిన చోట్లు. కాబా గృహం మీది కిస్వాకు కూడా మన దేశపు పనివారితో సంబంధం ఉంది. శతాబ్దాల పాటు కిస్వా ఈజిప్టు నుంచి వచ్చేది. హిజ్రీ 1346లో మక్కాలోనే దాని తయారీకి కార్ఖానా నెలకొల్పినప్పుడు హిందూస్తాన్ నుంచి నేతగాళ్లను, జరీ కుట్టుపనివారిని పిలిపించుకున్నారు. నల్లటి పట్టు గుడ్డ, దాని చుట్టూ సుమారు 47 మీటర్ల పొడవున ‘హిజామ్’ అనే పట్టీ, ఆ పట్టీ మీద బంగారు పూత పూసిన వెండి తీగతో ఉబ్బెత్తుగా కుట్టిన పవిత్ర వాక్యాలు. తవాఫ్ చేస్తూ దానిని చూసి కన్నీరు పెట్టుకున్న మనలో ఎవరికీ కుట్టినవారి పేర్లు తెలియవు. అల్లాహ్‌కు తెలుసు.

ఇక మన ధర్మం ఈ అలంకరణను ఏ దృష్టితో చూస్తుంది? ఈ ప్రశ్న అడిగే సోదరీమణులు చాలామంది ఉన్నారు. మూడు సంఘటనలు మనవి చేస్తాను.

మొదటిది సహీహ్ బుఖారీ, ముస్లింలలో హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా ఉన్నది. మహాప్రవక్త (స) ఒకసారి అంచుల మీద గుర్తులు తీర్చిన ఉన్ని వస్త్రం ధరించి నమాజు చేశారు. నమాజులో ఆ గుర్తుల మీదికి దృష్టి పోయింది. నమాజు ముగిశాక ఆ వస్త్రాన్ని అబూ జహ్మ్ (రజి)కి పంపించి, దాని బదులు ఆయన దగ్గరి సాదా దుప్పటిని తెమ్మన్నారు. వస్త్రాన్ని కానుకగా ఇచ్చినది అబూ జహ్మే (రజి). కానుక తిరిగి వచ్చిందని ఆయన మనసు నొచ్చుకోకూడదనే మరొక వస్త్రాన్ని అడిగి తీసుకున్నారని విద్వాంసులు వివరిస్తారు.

రెండవది సహీహ్ ముస్లింలోనిది. వస్త్రాల మీది పట్టు అంచును హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్న్ ఉమర్ (రజి) నిషేధిస్తున్నారని హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి)కు తెలిసింది. ఆమె లోపలికి వెళ్లి ఒక జుబ్బాను తెప్పించి చూపారు. దాని మెడ పట్టీకి, అంచులకు పట్టు బట్ట కుట్టి ఉంది. అది మహాప్రవక్త (స) ధరించిన జుబ్బా. మూడవది హజ్రత్ ఉమర్ (రజి) ఇచ్చిన ఒక ప్రసంగం. పురుషులకు పట్టు నిషిద్ధమని, అయితే రెండు, మూడు, లేదా నాలుగు వేళ్ల వెడల్పు మేరకు అనుమతి ఉందని ఆయన తెలిపారు. స్త్రీలకు పట్టు, బంగారం రెండూ ధర్మసమ్మతమే. వీటిని కలిపి చూస్తే అలంకరణ మీద ద్వేషం లేదని, హద్దు మాత్రం ఉందని తెలుస్తుంది. ఆరాధన నుంచి మనసును లాగేసేది, పొగరు పెంచేది, దుబారాకు దారితీసేది ఆ హద్దుకు అవతల ఉంది.

పాఠం ఇంతటితో ముగిసి ఉండేది. మరో రెండు రోజులకు ఆ పిల్లవాడు తరగతికి రాలేదు. అస్ర్ తరువాత అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

రెండు గదుల ఇల్లు. ముందు గది నిండా కార్‌చోబ్ చట్రం. రెండు పొడవాటి దూలాలు, రెండు అడ్డ బద్దలు, వాటి మధ్య డోలు మీది తోలులా బిగించిన గుడ్డ. రాత్రి పక్కలు వేసుకోవాలంటే చట్రాన్ని గోడకు చేర్చి నిలబెట్టాలట. పిల్లవాడికి జ్వరం. నానీ అతని పక్కనే కూర్చుని ఉంది. తల్లి పరదా వెనుక నుంచి సలాం చెప్పింది. “మౌలానా సాబ్, పెళ్లిళ్ల రోజులు కదా, రాత్రి ఒంటి గంట దాకా ముత్యాలు, చమ్కీలు ఎక్కించి ఇస్తుంటాడు. అందుకే తరగతిలో నిద్రపోతాడు, మన్నించండి” అంది. నేను అతన్ని మందలించిన మాటలు గుర్తుకొచ్చి తల దించుకున్నాను.

గోడకు ఒక ఖాకా వేలాడుతోంది. ఖాకా అంటే నమూనా గీసిన పల్చటి కాగితం. గీత వెంట సూదితో సన్నటి రంధ్రాలు పొడిచి, గుడ్డ మీద పరచి, పైన సుద్దపొడి కలిపిన కిరసనాయిలు రుద్దితే నమూనా గుడ్డ మీదికి దిగుతుంది. ఆపై ఒక చేయి గుడ్డ పైన ఆరీ పట్టుకుంటుంది, మరొక చేయి గుడ్డ అడుగు నుంచి దారం అందిస్తుంది. ఆ ఖాకా మీద మామిడి పిందెలు, వాటి నడుమ మెలికలు తిరిగిన తీగ. నేను దానిని ఎరుగుదును. మూడు నెలల క్రితం నా కుమార్తె నికాహ్‌కు తీసుకున్న ఖడా దుపట్టా మీద ఉన్నది అదే తీగ.

ఆ దుపట్టాను కొన్న దుకాణంలో నేను గంటసేపు బేరమాడాను. దుకాణదారు చెప్పిన ధరలో 4000 రూపాయలు తగ్గించాను. “మీరు ధార్మికులు, మీ మాట కాదనలేను” అన్నాడు అతను. ఇంటికి వచ్చి ఆ గెలుపును భార్యాబిడ్డల ముందు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఖాకాను చూపి, ఈ పని ఎవరి కోసం చేశారమ్మా అని అడిగాను. “ఎవరో పెద్దమనిషి కూతురి పెళ్లికని దుకాణంవాళ్లు చెప్పారు. నేను, మా ఆడబిడ్డ పద్దెనిమిది రోజులు కూర్చున్నాం. పార్టీ ధర తగ్గించారని మా కూలిలో 2500 కోశారు” అంది ఆమె. ఆ మాటలో ఫిర్యాదు లేదు. వానాకాలంలో వాన కురిసిందని చెప్పినట్లు చెప్పింది.

నేను తగ్గించానని మురిసిపోయిన సొమ్ము దుకాణదారు జేబులో నుంచి వచ్చిందనే అనుకున్నాను. అందులో పెద్ద భాగం ఈ గదిలో నుంచి వచ్చింది. నా కూతురి దుపట్టాకు రాత్రి మేల్కొని ముత్యాలు ఎక్కించిన పిల్లవాడినే పగలు నిద్రపోతున్నందుకు నేను నిలబెట్టి మందలించాను.

“ఆ పెద్దమనిషిని నేనేనమ్మా” అని చెప్పాను. పరదా వెనుక చాలాసేపు మాట లేదు. మరునాడు 2500 రూపాయలు తీసుకువెళ్లాను. “ఇది సదఖా అయితే వద్దు మౌలానా సాబ్, మాకంటే అవసరం ఉన్నవాళ్లు ఉన్నారు. కూలి అయితే తీసుకుంటాను” అంది. కూలేనని చెప్పాను. అప్పుడు ఆమె కొడుకు చేత ఒక పాత నోటుబుక్కు తెప్పించింది. అందులో ప్రతి పనికీ ఒక వరుస ఉంది. తేదీ, గుడ్డ, పట్టిన రోజులు, ఒప్పుకున్న సొమ్ము, వచ్చిన సొమ్ము, రావలసిన సొమ్ము. పై వరుసలో ఉర్దూలో ‘రఖమ్’ అని రాసి ఉంది. నా దుపట్టా వరుసలో ‘రావలసినది’ కింద 2500 అని ఉంది. పిల్లవాడు దానిని కొట్టివేశాడు. ఆ పుటలో కొట్టివేయని వరుసలు ఇంకా చాలా ఉన్నాయి.

పాఠకులారా! ‘మర్ఖూమ్’ అనే మాట ఏ సూరాలో ఉన్నదో మరొకసారి గుర్తు చేసుకోండి. ముతఫ్ఫిఫీన్ అంటే కొలతలో తగ్గించేవారు. తమకు రావలసినది నిండుగా పుచ్చుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తక్కువ కొలిచి ఇచ్చేవారి వినాశాన్ని ప్రకటిస్తూ ఆ సూరా మొదలవుతుంది. కర్మల పత్రం ప్రస్తావన ఆ వెంటనే వస్తుంది. నేను ముప్పయి ఏళ్లుగా ఈ సూరాను బోధిస్తున్నాను. తరాజు పట్టే వర్తకులకు హెచ్చరికగానే చెబుతూ వచ్చాను. బేరమాడే కొనుగోలుదారుని నాలుక కూడా ఒక తరాజు అని ఎన్నడూ చెప్పలేదు.

మరో సూక్ష్మం ఉంది. ప్రళయ దినాన ముగ్గురికి అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడని సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసె ఖుద్సీ ఉంది. ఆ ముగ్గురిలో ఒకడు కూలివానిచేత నిండుగా పని చేయించుకుని కూలి ఇవ్వనివాడు. ‘నిండుగా పుచ్చుకోవటం’ అనే భావానికి సూరా ముతఫ్ఫిఫీన్‌లో ఏ క్రియ ఉందో, ఆ హదీసులోనూ అదే క్రియ ఉంది. ధాన్యం కొలతకూ కూలి కొలతకూ ఒకే మాట. శ్రామికుని చెమట ఆరక ముందే కూలి చెల్లించమన్న ఆదేశాన్ని మనం వేదికల మీద తరచూ వల్లిస్తాం. సూదిపని చేసేవారికి చెమట పైకి కనబడదు. వారి శ్రమ కళ్లలో, నడుములో పేరుకుంటుంది. కనబడదు కనుక దానికి గడువు లేదనుకుంటున్నామా?

ఇళ్లలో కూర్చుని చేసే స్త్రీల పనికి మరొక దురదృష్టం ఉంది. దానిని ఎవరూ పనిగా లెక్కించరు. “ఇంట్లో ఊరికే ఉండే బదులు చేసుకుంటున్నారు” అంటారు. పశ్చిమగోదావరి జిల్లా నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. ఆ స్త్రీల చేతి అల్లిక విదేశాలకు ఎగుమతి అయ్యేది. అయినా వారిని శ్రామికులుగా గాక గృహిణులుగా మాత్రమే చూసినందువల్ల కూలి అంత తక్కువగా ఉందని ఆమె చూపించారు. వారి మతం వేరు, పని వేరు. అన్యాయం మాత్రం పాతబస్తీలోనిదే.

అటువంటి స్త్రీలకు మన ధర్మంలో ఉన్న స్థానం ఏమిటో హజ్రత్ జైనబ్ బిన్తె జహ్ష్ (రజి) జీవితం చెబుతుంది. మహాప్రవక్త (స) తన సతీమణులతో, మీలో పొడవాటి చేయి గలవారు నన్ను అందరికంటే ముందు కలుసుకుంటారని చెప్పారు. వారు చేతులు కొలిచి చూసుకున్నారు. ఆయన తరువాత మొదట పరమపదించినవారు హజ్రత్ జైనబ్ (రజి). ఆమె స్వహస్తాలతో తోలు పదును చేసేవారు, కుట్టేవారు, ఆ సంపాదనను దానం చేసేవారు. పొడవాటి చేయి అంటే ఏమిటో అప్పుడు వారికి బోధపడింది. విశ్వాసుల మాతృమూర్తి చేతిలో ఉన్న సూదిని మనం చిన్నచూపు చూడగలమా?

ఇక చేయవలసినదేమిటి? పెళ్లి బట్టలు కొనేవారు దుకాణంలో ఒక్క ప్రశ్న అదనంగా అడగండి. ఈ పని ఎవరు చేశారు, వారికి ఎంత ముడుతుంది అని అడగండి. బేరమాడటం హరామ్ కాదు. కాని మనం తగ్గించే ప్రతి నూరు రూపాయలూ ఎవరి చేతి నుంచి పోతున్నాయో తెలుసుకోకుండా బేరమాడితే ఏమవుతుందో నా అనుభవమే చెబుతోంది. వీలైతే పనివారికి నేరుగా పని ఇవ్వండి, ఒప్పుకున్న సొమ్ములో కొంత ముందుగా ఇవ్వండి. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే పనిని తగ్గించండి. నిండు దుపట్టాకు బదులు అంచు మాత్రమే కుట్టించండి. కూలిని తగ్గించకండి.

వర్తక సోదరులారా! అప్పును గడువుతో సహా రాసి ఉంచుకొమ్మని ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు ఆదేశిస్తోంది. మీరు చెల్లించవలసిన కూలి కూడా మీ మీద అప్పే. పని ఇచ్చేటప్పుడే ధర, గడువు రెండు కాగితాల మీద రాసి, ఒకటి పనివారి చేతిలో పెట్టండి. కొనుగోలుదారు ధర తగ్గించినందుకు, పూర్తయిన పని కూలిని ఆ తరువాత కోసే హక్కు మీకు లేదు. నకిలీ జరీని అసలు జరీగా అమ్మకండి. తడిసిన ధాన్యాన్ని అడుగున దాచిన వర్తకుని గురించి మహాప్రవక్త (స) ఎంత కఠినంగా మాట్లాడారో మీకు తెలుసు.

సూదిపని చేసే తల్లులారా! ఆ సోదరిలా మీరు కూడా పద్దు రాసి ఉంచుకోండి. అడగటం అమర్యాద కాదు, అది మీ హక్కు. పిల్లల నిద్రను మాత్రం ఈ పనికి బలి పెట్టకండి. నా తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో నిద్రపోయే పిల్లవాడిని మందలించే ముందు అతని ఇల్లు ఒకసారి చూసి రండి.

చివరగా సహీహ్ బుఖారీలో హజ్రత్ సహ్ల్ ఇబ్న్ సఅద్ (రజి) చెప్పిన సంఘటన ఒకటి. ఒక స్త్రీ అంచుతో సహా నేసిన దుప్పటిని మహాప్రవక్త (స) సన్నిధికి తెచ్చింది. దీనిని నా చేతులతో నేశాను, మీరు ధరించటానికి తెచ్చాను అని విన్నవించుకుంది. ఆయనకు ఆ వస్త్రం అవసరం ఉంది. స్వీకరించి, దానినే ధరించి బయటికి వచ్చారు. ఒక వ్యక్తి చూసి అది తనకు ఇప్పించమన్నాడు. ఆయన దానిని మడిచి అతనికి పంపించివేశారు. అడిగినవారికి లేదనరని తెలిసి ఎందుకు అడిగావని జనం అతన్ని తప్పుపట్టారు. నా మరణానంతరం అది నా కఫన్ కావాలని అడిగానన్నాడు అతను. అలాగే అయింది.

ఆ స్త్రీ పేరు ఉల్లేఖనంలో లేదు. కాని అది నా చేతిపని అని ఆమె అన్న మాటను పద్నాలుగు వందల ఏళ్లుగా హదీసు విద్యార్థులు చదువుతూనే ఉన్నారు. మా విద్యార్థికి జ్వరం తగ్గింది. ఇప్పుడు ముందు వరుసలో కూర్చుంటున్నాడు. పగలు రెండు గంటలు నిద్రపోవటానికి అతనికి మద్రసాలోనే చాప వేయించాం. ఆ నోటుబుక్కులో మిగిలిన వరుసల సంగతి ఏమిటని అడగటానికి మా మసీదు పెద్దలు ఇద్దరితో కలిసి వచ్చే వారం బజారుకు వెళుతున్నాం.

మన పద్దులను మనం ఇక్కడే సరిచూసుకునే బుద్ధిని, ఇతరుల కూలి మన మెడ మీద లేకుండా తన సన్నిధికి చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.